ఆగిన నీడ

ఎవరు సంచి సర్దుతున్నా నాకు గుండె దడ. ఆ సాయంత్రం చెల్లెలు కెమెరా, స్టాండు, కొవ్వొత్తులు సర్దుతోంది. నాన్న చివరగా చెక్కిన అమ్మ విగ్రహాన్ని తెల్లవారితే మ్యూజియం గోదాములో పడేస్తారు. రోకలికి చీర చుట్టినట్టుందని నవ్విన నోళ్లు మూయించడానికి మాకు ఆ రాత్రే మిగిలింది.

"నాన్న దీపం పెట్టుకుని చెక్కాడక్కా. అలాగే చూడాలి," అంది.

మ్యూజియం శిల్పశాలలో లైట్లార్పి కెమెరా కన్ను తెరిచి ఉంచింది. కొవ్వొత్తితో నేను విగ్రహం చుట్టూ తిరగాలి.

"ఆగకు. నడిచే మనిషి ఫొటోలో పడదు, ఆగితే పడుతుంది."

"ఈ మోకాళ్లతో నాట్యం కూడా చెయ్యమంటావా?"

"నడువు చాలు."

నా అడుగుల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. చదునుగా ఉండే రాతిముఖం మీద నీడలు పాకాయి. చెంపలు పైకి లేచాయి, పెదవులు విచ్చుకున్నాయి. అచ్చం అమ్మ నవ్వు. నాకు ఏడుపొచ్చింది.

ఫొటో చూసుకున్నాం. అమ్మ నవ్వుతోంది. వెనక గోడ మీద, కదలకుండా నిలబడ్డ మనిషి నీడ.

"ఆగావా?"

"లేదే."

చెల్లెలు ఫొటో పెద్దది చేసి ఆ నీడను చూసింది. తర్వాత నవ్వేసింది.

"ఎవరైతేనేం. ముఖం చూడక్కా, నాన్న గెలిచాడు. నువ్వు పద, ఇంకొక్కటి తీసి వస్తా."

గడప దాటాను. వెనక కెమెరా చప్పుడైంది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఆ రెండో ఫొటో ఇప్పుడు మ్యూజియంలో గోడంత ఎత్తున ఉంది, దాని పక్కనే విగ్రహం. అప్పుడు నవ్విన వాళ్లే ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడతారు. ఫొటోలో నీడలు రెండు.

విగ్రహాన్ని తరలించే ముందు రాత్రి, ఆ గదిలోంచి నా చెల్లెలు తిరిగి రాలేదు.