కిటికీగారు

"ఏమండీ, కిటికీగారూ! ఇంకా ఎంతసేపు చూస్తారు? మా వాకిట్లో సినిమా ఏమన్నా ఆడుతోందా?"

గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లాలు తలెత్తి గట్టిగానే అడిగింది.

ఎదురు బ్లాకు రెండో అంతస్తు కిటికీలో నిలబడ్డ ఆవిడ తెర లాక్కుంది. కాసేపటికి తెర మళ్లీ పక్కకు జరిగింది.

ఆవిడ అద్దెకు దిగి రెండు నెలలే. పేరేమిటో ఎవరూ అడగలేదు. ఇల్లాలు పెట్టిన పేరే బిల్డింగంతా వాడుకలోకి వచ్చింది.

"నన్ను కాదండీ, బాబును చూస్తుంది. రెప్ప కూడా వెయ్యదు. నాకు భయంగా ఉంది" అని ఇల్లాలు భర్తతో మొరపెట్టుకుంది.

"నువ్వూ, నీ అనుమానాలూ!" అన్నాడతను. పక్క వీధిలోని కొట్టుకు పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చే మనిషి. ఆ కిటికీ వంక ఏనాడూ చూసి ఎరగడు.

ఎన్నో ఏళ్లు ఎదురుచూశాక ఇంటికొచ్చిన బిడ్డ. ఇల్లాలు ఊరుకుంటుందా? ఆ ఫ్లాటు ఓనరు చెవిలో జోరీగలా పోరింది. ఆయన విసిగిపోయి కిటికీగారిని ఖాళీ చెయ్యమన్నాడు.

ఆవిడ ఖాళీ చేసే రోజు. సామాను బండికెక్కుతోంది.

పీడ వదిలిందనుకుని ఇల్లాలు బాబును ఆడించడానికి బయటికి తీసుకొచ్చింది.

రెండు బ్లాకుల మధ్య పాడుబడ్డ స్విమ్మింగ్ పూల్. నిలవున్న వాననీళ్లు, వాటి మీద జిగురుగా పచ్చటి తెట్టు. అసోసియేషన్ ప్రెసిడెంటు దాన్ని ఆల్గే అంటాడు, వాచ్‌మన్ పాచి అంటాడు, పిల్లలు జెల్లీ అంటారు. పేర్లు పెట్టేవాళ్లే గానీ తీసేవాళ్లు లేరు.

బాబు విసిరిన బంతి అందులో పడింది.

"కదలకు నాన్నా, నేను తెస్తా."

గట్టున పడున్న చీపురు అందుకుని, చాచి వంగింది. గట్టు మీద కూడా పాచే. కాలు జర్రున జారింది.

వాలుగా ఉన్న నేల ఆమెను లోతు వైపుకి లాక్కుపోయింది. నడుము లోతు నీళ్లు. గోడ తల కన్నా ఎత్తు. నిచ్చెన ఎప్పుడో ఊడదీశారు. గోడ పట్టుకుంటే వేళ్ల సందుల్లోంచి నాచు జారిపోయింది. బాబు వైపు ఒక అడుగు వేస్తే రెండడుగులు వెనక్కి.

అవతలి గట్టు మీద బాబు చప్పట్లు కొట్టాడు.

"అమ్మ ఆట! నేనూ!"

"వద్దు! రాకు!"

వద్దంటే చాలు, వాడు అది చేసి తీరాలి. అంచుకి జరిగాడు.

అరిస్తే ఆటనుకుంటాడు. చెయ్యి చాస్తే దూకుతాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు.

రెండు చేతులు వెనకనుంచి వచ్చి వాణ్ణి ఎత్తుకున్నాయి.

కిటికీగారు!

కొత్త ముఖం చూస్తే గుక్కపట్టే పిల్లాడు ఏడవలేదు. ఆవిడ మెడ చుట్టూ చేతులు వేశాడు.

ఆవిడ వాణ్ణి గుండెకు హత్తుకుని అలాగే నిలబడిపోయింది. వెనక గేటు బార్లా తెరిచి ఉంది. గేటు దగ్గర సామాను బండి బయల్దేరడానికి సిద్ధంగా ఉంది.

"వాణ్ణి దించండి!" ఇల్లాలు కేక పెట్టింది.

"దించితే మీ దగ్గరికి దూకేస్తాడమ్మా."

"మరి... ఎక్కడికి తీసుకెళ్తారు?"

ఆవిడ గేటు వైపు చూసింది. బాబు ముఖంలోకి చూసింది. చాలాసేపే చూసింది.

తర్వాత గొంతెత్తి, "వాచ్‌మన్! తాడు పట్రా, తొందరగా!" అని అరిచింది.

వాచ్‌మనూ, బండి డ్రైవరూ కలిసి ఇల్లాలిని పైకి లాగారు. ఒళ్లంతా పచ్చగా కారుతూ ఆమె గట్టు మీద కూలబడింది.

కిటికీగారు బాబు పాదాలకంటిన పాచిని తన రుమాలుతో తుడిచింది. వేలి సందులు కూడా వదల్లేదు. అప్పుడు వాణ్ణి ఇల్లాలి ఒడిలో పెట్టింది.

"వీడికి వద్దని చెప్పకండమ్మా. ఇంకేదైనా చూపించండి, మరిచిపోతాడు."

అంతే. వెళ్లి బండెక్కింది.

తాడు తెస్తూనే వాచ్‌మన్ చేసిన ఫోను అందుకుని భర్త పరుగున వచ్చేసరికి బండి గేటు దాటుతోంది. అందులో కూర్చున్న ఆవిడ ముఖం చూసి అతను ఆగి, బండి మలుపు తిరిగేదాకా చూస్తూ ఉండిపోయాడు.

"ఆవిడ... ఇక్కడికెందుకొచ్చింది?"

"ఆవిడేనండీ కిటికీగారు. బాబును కాపాడింది. ఏం, మీకు తెలుసా?"

భర్త బాబు తల నిమిరాడు.

"నువ్వు చూడలేదు... ఆ రోజు ఆస్పత్రిలో, కన్న మర్నాడే వీణ్ణి నా చేతుల్లో పెట్టి వెళ్లిపోయింది ఆవిడే."