పెద్దాయన కన్ను

పెద్దాయన బస్సు ఎక్కనని మొండికేశాడు.

అది యుద్ధకాలపు బొగ్గు బస్సు. వెనక పొయ్యి గుప్పుగుప్పున పొగ వదులుతోంది. ఆ పొగ చూసి పెద్దాయన చేతిలోని కట్టెతో నేలను బాదుతూ, "రాను, ఇంటికి పోదాం" అని దుమ్ములోనే కూర్చున్నాడు. కాణిపాకం నుంచి చిత్తూరు పోయే జనమంతా కిటికీల్లోంచి తొంగి చూశారు.

"లెయ్ మామా, అందరూ నవ్వతా ఉండారు" అని ఆనందమ్మ బతిమాలింది.

"నవ్వితే నవ్వనీలే. ఆయన ఎప్పుడు ఒకరి మాట ఇన్నాడు గనక!" అంది అత్త సుబ్బులమ్మ.

చివరికి డ్రైవరు తన పక్కన చోటిస్తే గానీ పెద్దాయన శాంతించలేదు. బస్సు కదిలాక హారన్ తనే కొడతానన్నాడు. కొట్టాడు కూడా.

ఇంటా బయటా అందరూ ఆయన్ను పెద్దాయనే అంటారు. ఆయనకు ఆకలి వేస్తే మిగతా పనులన్నీ ఆగిపోవాలి. ఆయన కునుకు తీస్తే ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గకూడదు. సంకటి మెత్తగా పిసికి నెయ్యి వేసి పెట్టాలి. బెల్లంముక్క చూపించనిదే ముద్ద దిగదు. చేతిలో కట్టె లేనిదే గడప దాటడు. సుబ్బులమ్మకైతే ఆయన తర్వాతే లోకం.

అలాంటి పెద్దాయన ఎడమ కన్ను ఒక సాయంత్రం దీపం వెలుగులో పిల్లి కన్నులా తెల్లగా మెరిసింది. పువ్వేసిందేమో అన్నారు ఇరుగుపొరుగు. నందివర్ధనం పూల రసం పిండారు. కొండకు పోయి గుండు చేయించారు. మెరుపు తగ్గలేదు. పెద్దాయన ఎడమ పక్కనున్న గుంజకు కొట్టుకోవడం, కొట్టుకున్నాక గుంజనే తిట్టడం మొదలుపెట్టాడు. అప్పుడిక ఆసుపత్రి దారి పట్టారు.

"పేరు?" అన్నాడు ఆసుపత్రి గుమాస్తా.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుబ్బులమ్మ మొగుడి పేరు నోటితో అనదు. ఆనందమ్మ మామ పేరు అనదు.

"నువ్వు సెప్పత్తా."

"బాగుండాది! నేనెట్ల సెప్పేది?"

"ఏమ్మా, పేరు లేని మనిషా?"

"ఉండాదప్పా. ఏడుకొండలాయన పేరే" అంది సుబ్బులమ్మ.

"వెంకటేశ్వర్లా?"

"కాదు."

"శ్రీనివాసులా?"

"ఆయన కాదబ్బా, ఆయనుండే కొండ!"

"తిరుమలయ్యా?"

రెండు తలలూ ఒక్కసారి ఊగాయి. ఈలోగా పెద్దాయన గుమాస్తా సిరాబుడ్డి ఒలకబోశాడు. అటువైపు కనిపించకనో, కావాలనో ఆయనకే తెలియాలి.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూసింది.

"లోపల రాచపుండు. కంటికి ఇది అరుదుగా వస్తుంది. ఆ కన్ను తీసేస్తే మనిషి దక్కుతాడు. ఉంచితే పుండు మెదడులోకి పాకుతుంది. అప్పుడిక నేను చేసేదేమీ ఉండదు."

ఆనందమ్మ భర్త ఓబయ్య పటాలంలో ఉన్నాడు. బర్మా వైపో ఇంకెటో కూడా తెలియదు. అతన్ని అడిగి చెప్పేంత వ్యవధి లేదు.

"ఈ వయసులో కోత తట్టుకుంటాడామ్మా?"

"ఆలస్యం చేయకపోతే తట్టుకుంటాడు."

"పుండు గూడా రాచపుండే కావలసొచ్చిందా ఈయనకి!" అని సుబ్బులమ్మ నిట్టూర్చింది. "తీసెయ్ తల్లీ ఆ కన్ను."

"అత్తా! ఒంటికన్నుతో నలుగురిలో ఎట్ల తిరుగుతాడు?"

"నన్ను సూడను ఒక కన్ను సాలదా? రెండు కండ్లూ బాగుండిన పొద్దు మాత్రం ఏం సూసినాడు!"

నవ్వబోయింది సుబ్బులమ్మ. నవ్వు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ పొద్దు జరమొస్తే తాయెత్తులు కట్టుకోని కూసున్నాం. ఈసారి నేను ఆయన్ని పోనీను."

డాక్టరమ్మ కాగితాన్ని ఆనందమ్మ ముందుకు జరిపింది. ఆనందమ్మ వేలు సిరాలో అద్ది కాగితం మీద ఒత్తింది. వేలిముద్ర అలుక్కుపోతే మళ్ళీ వేయించారు.

మర్నాడు పొద్దున పెద్దాయన మామూలుగా లోపలికి పోలేదు. పరగడుపున ఉంచారని ఊరంతా వినిపించేలా అరిచాడు. బెల్లం అడిగాడు. ఇవ్వలేదని డాక్టరమ్మ కళ్ళద్దాలు లాక్కున్నాడు. ఆమె వాటిని ఆయన దగ్గరే ఉండనిచ్చి, మత్తు ఎక్కాక మెల్లగా తీసుకుంది.

తలుపు మూసుకుంది. ఆనందమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ తలుపు మళ్ళీ తెరుచుకున్నప్పుడు ఏం వినవలసి వస్తుందోనని ఆమెకు చచ్చేంత భయంగా ఉంది. సుబ్బులమ్మ ఆయన కట్టెను గుండెకు హత్తుకుని, తెలిసిన దేవుళ్ళందరినీ పేరుపేరునా పిలిచింది. దేవుళ్ళ పేర్లు అనకూడదని ఎవరూ చెప్పలేదు కదా.

డాక్టరమ్మ బయటికి వచ్చింది.

"పుండు కంటి లోపలే ఆగింది. వెనక నరం శుభ్రంగా ఉంది. మీ పెద్దాయన మీకు దక్కాడు."

ఆనందమ్మ గొల్లుమంది.

"ఊరుకో, లేస్తే ఆయనకి కోపమొస్తాది" అని కసిరింది సుబ్బులమ్మ, తనూ ఏడుస్తూనే.

సాయంత్రానికి మత్తు వదిలింది. సగం మొహం కట్టులో ఉన్న పెద్దాయన పెదవులు కదిపి, గాలిలో చేతులు తడుముతూ "అమ్మా" అన్నాడు. చనిపోయిన మామ పేరు పెట్టుకున్న పాపానికి పుట్టినప్పటి నుంచీ మామా అనే పిలుచుకుంటున్న తన రెండున్నరేళ్ళ కొడుకును ఆనందమ్మ ఒళ్ళోకి తీసుకుని, పైట కప్పి పాలిచ్చింది.