చివరి షాటు దాకా

బావ తీసిన షార్ట్ ఫిల్మ్ పద్దెనిమిది నిమిషాలు. దాన్ని కుదించే పని నా నెత్తిన పడింది. నాది పెళ్లి వీడియోలు కోసే చెయ్యి.

"మీ అక్క పన్నెండో నిమిషానికే నిద్రపోయిందిరా. చివరి షాటు చూడనే లేదు," అన్నాడు బావ ముఖం వేలాడేసుకుని.

"అక్క తప్పేముంది? నీ హీరో తలుపు తీయడానికే ఒకటిన్నర నిమిషం పట్టింది. అదేమన్నా కోట గుమ్మమా?"

తలుపు సీను కోసేశాను. వాన కోసేశాను. బావ ముచ్చటపడి రాసుకున్న ఉత్తరం సీను కోస్తుంటే, ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. పది నిమిషాలకు తెచ్చాం. అక్క ఏడో నిమిషంలో గురక పెట్టింది. ఆరుకు తెచ్చాం. అక్క నాలుగో నిమిషం దాటలేదు.

"ఇంకా కొయ్యరా," అన్నాడు బావ.

"ఇంకా కోస్తే మన పేర్లే మిగుల్తాయి బావా!"

నిన్న డాక్టరు అక్కకు నొప్పి తెలియకుండా ఇచ్చే మందు మళ్లీ పెంచాడు. ఇక ఒకటి రెండు నిమిషాలకు మించి మెలకువ నిలవదన్నాడు.

ఈ ఉదయం చివరి షాటొక్కటే ఉంచి, మంచం పక్కన కంప్యూటరు పెట్టాం. జబ్బు బయటపడక ముందు తీసిన షాటది. అక్క మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి, కెమెరా పట్టుకున్న బావను చూసి నవ్వుతుంది. నలభై సెకన్లు.

అక్క మొత్తం చూసింది. కళ్లు మెరిశాయి.

"భలే ఉందిరా! ఇప్పుడు మొదట్నించీ అంతా పెట్టండి. ఈసారి నిద్రపోను."