రిసెప్షన్ నుంచి ఫోను

"నంబరు చెప్పొద్దు. ముందు ఫోను పెట్టెయ్."

భర్త ఒక్క ఉదుటున మంచం దిగి వచ్చి, హోటలు గదిలోని ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టాడు. క్రెడిట్ కార్డుని కళ్లకి దగ్గరగా పట్టుకుని భార్య కళ్లజోడు సర్దుకుంటోంది.

"కింద రిసెప్షన్ నుంచేనండీ. మన కార్డు వాళ్ల కంప్యూటర్లో సరిగ్గా ఎక్కలేదట. మళ్లీ చెప్పమంటున్నాడు," అంది. గొంతు గాలి పోయినట్టు జీరగా పలికింది.

"నిన్ను మాట్లాడొద్దన్నాడా లేదా డాక్టరు?" అంటూ రిసీవరు లాక్కున్నాడు. "మేమే కిందికొస్తాం," అని ఇంగ్లీషులో ముక్తసరిగా చెప్పి పెట్టేశాడు.

ఆవిడ సంగీతం టీచరు. గొంతులో ఏదో పెరిగి, పాట సంగతి అటుంచి మాటే కష్టమైపోయింది. ఆ ఆపరేషన్ బాగా చేసే డాక్టరు ఉన్నాడనే ఈ పరాయి దేశం వచ్చారు. తెల్లారగానే ఆసుపత్రిలో చేరాలి. చేరేటప్పుడు కట్టడానికి ఉన్నది ఆ ఒక్క కార్డే.

భర్తని ఆఫీసులో తాళంకప్ప అంటారు. బయల్దేరేముందే బ్యాంకుకెళ్లి ఫలానా దేశం వెళ్తున్నామని చెప్పి వచ్చాడు. దారిలో ఏ షాపువాడి చేతికీ కార్డు ఇవ్వలేదు. పిన్ నొక్కేటప్పుడైతే పెళ్లానికి కూడా కనపడనివ్వడు.

ఇద్దరూ గబగబా మెట్లు దిగారు. కౌంటరు వెనక నీలం కోటు వేసుకున్న మనిషి ఏదో టైపు చేసుకుంటున్నాడు. విషయం విని తల అడ్డంగా ఊపాడు.

"మేము ఎవరికీ ఫోను చెయ్యలేదండీ. ఇలా గదులకి ఫోన్లు చేసి నంబర్లు లాగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. నిన్న పాపం ఒక పెద్దావిడ మొత్తం చెప్పేసింది. మీరు చెప్పలేదు కదా?"

తాళంకప్ప నవ్వాడు. విన్నావా అన్నట్టు భార్య వైపు తిరిగాడు. ఆవిడ నవ్వలేదు. కొంగు చివర వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"ముందు అంకెలు కొన్ని చెప్పేశానండీ. మీరు లేవకముందే," అంది గుసగుసగా.

ఆయన జేబులో కార్డు తడిమి చూసుకున్నాడు. "ఎన్ని చెప్పావు?"

"గుర్తులేదు. మీరు అరిచేసరికి అంతా చెదిరిపోయింది."

"అయితే బ్యాంకుకి చెప్పి ఇప్పుడే కార్డు ఆపించేస్తా."

"ఆపించేస్తే రేపు దేనితో కడతాం?"

ఆయన కౌంటరు ముందు అటూ ఇటూ తిరిగాడు. జేబులోంచి కార్డు తీశాడు, మళ్లీ లోపల పెట్టాడు. ఆవిడ చెయ్యి గొంతు మీదకి పోయింది. అది చూసి మరీ కాలుగాలిన పిల్లిలా అయిపోయాడు.

నీలం కోటు మనిషి జాలిగా చూశాడు. "కంగారు పడకండి. ఒకసారి మెషీన్లో పెట్టి పిన్ నొక్కితే కార్డు పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది. డబ్బేమీ పోదు."

"పోనీ చూద్దురూ," అంది ఆవిడ. "లేకపోతే నాకు నిద్ర పట్టదు."

తాళంకప్ప కార్డు అతని చేతికివ్వలేదు. మెషీన్ తనవైపు తిప్పుకుని తానే పెట్టాడు. అరచెయ్యి గొడుగులా పట్టి, అటూ ఇటూ చూసి పిన్ నొక్కాడు. తెర మీద పచ్చటి టిక్కు వెలిగింది. కార్డు తీసి భద్రంగా జేబులో పెట్టుకున్నాడు.

"భేషుగ్గా ఉందండీ. ఇంకెవరికీ ఇవ్వకండి, ఈ ఊళ్లో ఎవర్నీ నమ్మలేం," అన్నాడు నీలం కోటు మనిషి. మెషీన్ చంకలో పెట్టుకుని, బయట టాక్సీ వచ్చినట్టుందంటూ అద్దాల తలుపు తోసుకుని వెళ్లాడు.

ఇద్దరూ సోఫాలో కూలబడ్డారు. "ఎంత మంచివాడో," అంది ఆవిడ. "రేపు ఆపరేషనయ్యాక మళ్లీ పాడగలనంటారా?"

"పాడతావు. ఇప్పుడు మాత్రం నోరు మూసుకో," అని ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు.

అంతలో నీలం కోటు వేసుకున్న ఒకమ్మాయి తాళాలగుత్తితో రొప్పుతూ మెట్లు దిగి, కౌంటరు వెనక్కి వెళ్లి వీళ్లని చూసింది.

"క్షమించండి, పైన గదిలో నీళ్లు కారుతున్నాయని ఎవరో ఫోను చేస్తే వెళ్లాను, తీరా చూస్తే ఏమీ లేదు. ఇంతసేపూ కౌంటర్లో ఎవరూ లేరు, మీకేమైనా కావాలా?"