తూట్లు పడ్డ బ్రేకులు

"బ్రేకు వడ్తలేదు గౌసూ," అన్నాడు లింగారెడ్డి, ఎవరో నిద్రపోతున్నవాళ్ళు లేస్తారేమో అన్నంత నెమ్మదిగా.

ఎర్ర ఎస్టీమ్ కారు కామారెడ్డి రోడ్డు మీద పల్లానికి పరుగెడుతోంది. ఎదురుగా మలుపు, మలుపులో రోడ్డంతా పరుచుకున్న గొర్రెల మంద. ఇంతకుముందు రెండు మలుపుల దగ్గర ముక్కుతాడు గుంజిన ఎద్దులా ఆగిన బండి, ఇప్పుడు పెడల్ మీద లేచి నిలబడ్డా మాట వినడం లేదు.

పక్క సీట్లో ఉన్న మెకానిక్ గౌస్ గేరు తగ్గించమని అరిచి, తనే హ్యాండ్‌బ్రేకు పట్టి లాగాడు. కారు గొర్రెల్ని తప్పించుకుని, రోడ్డు దిగి, బెల్లం బట్టీ పక్కన ఆరబోసిన చెరుకు పిప్పి కుప్పలోకి తలుపులదాకా దూరి ఆగింది.

ఇద్దరికీ దెబ్బ తగల్లేదు. లింగారెడ్డి మీసంలో ఇరుక్కున్న పిప్పిని ఏరుకుంటూ, "పొద్దుగూకకముందే దుకాణం ఖాళీ చెయ్యి," అన్నాడు.

ఎల్లారెడ్డిలో లింగారెడ్డి ఇంటి ముందు గదే గౌస్ మెకానిక్ దుకాణం. అది పోతే తల్లిని వెంటబెట్టుకుని, పానాలూ సుత్తులూ పట్టుకుని రోడ్డు మీద కూర్చోవాలి.

ఊరంతా పటేలా అని పిలిచే లింగారెడ్డి ఆదివారం తప్ప కారు బయటికి తీయడు. తీశాడంటే కామారెడ్డి రోడ్డు మీద బస్సులే పక్కకు జరగాలి. ఆ వేగానికి చక్రాల లోపల పళ్లేల్లా ఉండే పాత బ్రేకు డిస్కులు కాలిపోతున్నాయని, కొత్తవి నున్నటివి తేవాలా, చిల్లులున్నవి తేవాలా అని నెలంతా చర్చ నడిచింది. చిల్లులుంటే వేడి బయటికి పోతుందని, బ్రేకు అలసిపోదని గౌస్ పట్టుబట్టాడు. హైదరాబాద్ నుంచి తెప్పించి, బేస్తవారం బిగించి, ఊరి చివరిదాకా తిప్పి చూస్తే దివ్యంగా ఆగింది. అయినా ఊరు ఊరుకోలేదు. నిండుగా ఉన్నవి వదిలేసి తూట్లు పడ్డవి తెచ్చుకున్నాడట పటేలు అని హోటళ్ళలో ఒకటే నవ్వులు.

ఇప్పుడు ఆ కారును రెండు ఎడ్లు ఈడ్చుకుంటూ ఎల్లారెడ్డి బజారులోకి తెచ్చాయి. ఎడ్లకు బ్రేకులు మంచిగున్నాయా అని ఎవరో అడిగారు. లింగారెడ్డి వినబడనట్టు నడిచాడు.

దుకాణం ముందు జనం మూగారు. గౌస్ ముందు చక్రం విప్పాడు. డిస్కు మీద చేత్తో రాశాడు. జిడ్డు. మళ్ళీ చూశాడు. సగం చిల్లులు కనబడటం లేదు. ఒకదానిలో గోరు పెట్టి గీకితే పచ్చటి ముద్ద ఊడివచ్చింది. వాసన చూసి లేచి నిలబడ్డాడు. ప్రాణం లేచి వచ్చింది.

"మైనం పటేలా. చిల్లు బిందెకు పెట్టినట్టు పెట్టిండ్రు. బ్రేకు వేడికి కరిగి డిస్కు మీదంత పారింది. ఇగ ఆగుతదా?"

చక్రానికి పెద్ద పెద్ద సందులున్నాయి. అందులోంచి చెయ్యి పెట్టి ఎవరైనా పూడ్చవచ్చు. ఎవరు పూడ్చారన్నదే ప్రశ్న. లింగారెడ్డి ముందుగా బస్టాండు దగ్గరి మెకానిక్ అబ్రాహామును పిలిపించాడు. నున్నటివే మేలని వాదించింది అతనే.

అబ్రాహాము నింపాదిగా బీడీ ఆర్పాడు. "చెడగొట్టాల్నంటె ఒక్క నట్టు వదులు చేస్తె అయిపాయె. కూసొని ఒక్కొక్క తూటుకు మైనం వత్తేంత తీరిక నాకేడిది?"

జనం నవ్వారు. నవ్వి, ఒక్కొక్కరుగా అరుగు వైపు చూశారు. అక్కడ లింగారెడ్డి తల్లి సుగుణమ్మ చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. తూట్లు పడ్డ పళ్లెం ఎవడన్నా తెచ్చుకుంటాడా అని డిస్కులు వచ్చిన రోజే కొడుకును చీవాట్లు పెట్టిన మనిషి ఆమె.

గౌస్‌కు ధైర్యం వచ్చింది. తప్పు పటేలు ఇంట్లోనే తేలితే ఏం చేద్దామని పదిమందిలో అడిగాడు. లింగారెడ్డి మీసం మీద చెయ్యి వేశాడు.

"మా ఇంట్ల తేలితె దుకాణం నీకే. పానం ఉన్నంతవరకు లెవ్వుమన. కాకుంటె ఇయ్యాల్నే ఖాళీ."

గౌస్ అరుగు దగ్గరికి వెళ్ళి వినయంగా వంగి, ఆ మైనం ఎవరిదో చెప్పమన్నాడు.

సుగుణమ్మ తల ఎత్తలేదు. "మైనం నాదే," అంది.

జనం గొల్లుమన్నారు. లింగారెడ్డి ముఖం మాడిపోయింది. "ఎంత పని చేస్తివే అవ్వా," అని గొణిగి, దుకాణం నువ్వే ఉంచుకో, ఇక అందరూ ఇళ్ళకు పొండి అన్నాడు.

అక్కడితో ఆగితే గౌస్ నెగ్గినట్టే. కానీ మూడు రోజులుగా ఊరు నవ్విన నవ్వు అతని చెవుల్లో ఇంకా మోగుతోంది.

"గట్ల కాదు పటేలా. పెద్దమ్మను అంత చెప్పనియ్యి. రేపు మల్ల మాట మారొద్దు."

"వద్దులే బిడ్డా," అంది సుగుణమ్మ.

"చెప్పాలె పెద్దమ్మా. అందరు ఇనాలె."

సుగుణమ్మ నిట్టూర్చి చింతపండు చేట పక్కన పెట్టింది.

"గా సందులల్ల నా కండ్లకు ఏం కనవడ్తది బిడ్డా? 'నా కొడుకు తూట్ల సామాను అంటగట్టిండని ఊరంత నవ్వుతున్నది' అని ఏడ్సుకుంట వచ్చి అడిగితె, మైనం ఇచ్చిన. శుక్రారం నువ్వు నమాజుకు వోయినప్పుడు కూసొని పూడ్చింది మాత్రం మీ అమ్మ రాబియా."