తియ్యని గొంతుల జాబితా

ఆదివారం తలంటయ్యాక భర్త ఫణీంద్ర చెవి వెనక కొత్త పట్టీ అంటించడం విశాలాక్షి పని. ఆ పట్టీ మెదడులో గంజాయిలాంటి రసం ఊరేలా చేసి, కోరిన గొంతులను తియ్యగా వినిపిస్తుంది. ఇవాళ అతని ఫోన్‌లో ఆ గొంతుల జాబితా చూసి ఆమెకు ఒళ్లు మండింది. మొదటి పేరు పై వాటా హైమవతిది. తన పేరు అసలు లేనేలేదు.

"ఆవిడ గొంతంటే అంత మోజేమిటండీ మీకు?"

"మోజా! పొద్దున్నే ఆవిడ సంగీత సాధన వినలేక చస్తున్నానే! నీ గొంతుకి మందెందుకు? ఉన్నదున్నట్టే బాగుంటుంది."

ఫణీంద్ర మాట తేనెలా వినిపించింది. ఆరేళ్లుగా అలాగే వినిపిస్తోంది.

"ఏదీ, నీ పట్టీ జాబితా కూడా చూపించు."

అందులో మొదటి పేరు అతనిదే. కూర మాడుతోందంటూ విశాలాక్షి తన ఫోన్‌తో సహా వంటింట్లోకి పరిగెత్తింది.