కుట్టు లోపలి మార్జిన్

ఆ రోజుల్లో ఏ కొట్టు షట్టరైనా, ఆ కొట్టు వెబ్‌సైటు సరిగ్గా ఉందని సాఫ్ట్‌వేర్ ఒప్పుకుంటేనే పైకి లేచేది. సామర్లకోటలో ముప్పై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్న వీరమణి కొట్టు మూడు రోజులుగా లేవలేదు.

"మీ పేజీకి మార్జిన్ చాలలేదండి," అంది షట్టరులోని గొంతు.

వీరమణి ఫోనులో పేజీ చుట్టూ ఉన్న గీతకి లోపలివైపు ఖాళీ పెంచింది.

"అది ప్యాడింగండి. ప్యాడింగ్ లోపల, మార్జిన్ బయట."

వీరమణికి ఒళ్ళు మండింది. "మార్జిన్ బయట వదిలే టైలర్ని ఎక్కడైనా చూశావా? మనిషి ఒళ్ళు చేస్తే వదులు చేయడానికి కుట్టు లోపలే వదుల్తాం. ఇక ప్యాడింగంటావా, జాకెట్లో అది కావలసినవాళ్ళు నా చెవిలో చెప్తారు. నీకెందుకు?"

జాకెట్టు గుడ్డ పట్టుకుని మెట్ల మీద కూర్చున్న పద్మిని ఫక్కున నవ్వింది. మర్నాడే ఆవిడ కూతురి పెళ్ళి.

"బయటేనని ఒప్పేసుకో అక్కా. షట్టరు లేస్తాది కదా."

"ముప్పై ఏళ్ళ పనిని తలకిందులు చేసి ఒప్పుకోవాలా?"

వీరమణి ఇంటికెళ్ళి, కాళ్ళతో తొక్కే పాత మిషను రిక్షాలో తెచ్చి, మూసిన షట్టరు ముందే వేసుకుంది. పద్మిని చేతిలోంచి గుడ్డ లాక్కుని కత్తిరించింది. మిషను చప్పుడుకి వీధిలో జనం పోగయ్యారు.

"మార్జిన్ ఎంత పెడుతున్నారండి?" షట్టరు అడిగింది.

"అంగుళమున్నర. లోపల," అంది వీరమణి తొక్కడం ఆపకుండానే. "రాసుకో."